ఇంటి కంప్యూటరునకు వైఫై నిలకడగా అందుటకు ఉపాయములు

మోటారు నీరెత్తనిచో మన రైతు తిట్టుకొనుచు కూర్చుండడు. ముందు ఫ్యూజును చూచును. పిమ్మట స్టార్టరును, ఆ పిమ్మట ఫుట్‌వాల్వును చూచును. తెగులు సోకిన మడిలో దిగినపుడు ఆకును, కాండమును, వేరును వరుసగా పరీక్షించును. ఇట్టి వివేకము గల రైతే ఇంటిలోని కంప్యూటరునకు వైఫై అందకున్నపుడు దిక్కుతోచక, డబ్బాను తట్టి, కంప్యూటరును ఆర్పి వెలిగించి, తుదకు పిల్లలను కసరి ఊరకుండుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మేము పలుచోట్ల చూచుచున్నాము. వైఫై జబ్బునకును ఒక వరుసగల పరీక్ష కలదు. దానిని సభ్యుల యెదుట నుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది పట్నవాసుల గొడవ కదా, సేద్యపు పత్రికలో దీనికి చోటేల యని కొందరడుగవచ్చును. మన పనులలో ఎన్ని ఈ మార్గమున నడచుచున్నవో లెక్కించినచో ఆ సందేహము తీరును. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకము క్రింద ఏటికి 6,000 రూపాయలు మూడు కిస్తులుగా వచ్చుచున్నవి; వానికై ఈ-కేవైసీ పూర్తిచేయవలెను. భూమి దస్త్రములు 2020 అక్టోబరు నుండి ధరణిలోను, 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన పిదప భూభారతిలోను చేరినవి. 2016 ఏప్రిల్ 14న వెలసిన ఈ-నామ్ విపణిలో ధరలు తెలిసికొనవచ్చును. డిగ్రీలో చేరదలచిన పిల్లలు ‘దోస్త్’ ద్వారా దరఖాస్తు పెట్టవలెను. మన ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను సైతము కంప్యూటరు లోనికి మార్చుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయల పథకమును 63,000 సంఘముల కొరకు ఆమోదించినది. ఇక మన ప్రాంతమున గల్ఫు దేశములకు పోయినవారు లేని గ్రామము అరుదు. వారి ముఖములను ఇంటివారు చూచుకొనునదియు ఈ దారిననే.

సెల్‌ఫోనును చేతబట్టుకొని వాకిటిలోనికి పోవచ్చును. ఇంటికొక్కటిగా ఉండు కంప్యూటరు అట్లు కదలదు. అది ఉన్నచోటికే సంబంధము రావలెను. చిక్కంతయు ఇందే యున్నది.

వైఫై స్వభావము

వీధి స్తంభము నుండి ఇంటికి వచ్చు సన్నని తీగలో గాజుపోగు ఉండును. దానిగుండ వెలుతురు రూపమున సమాచారము వచ్చి, మనవారు ‘వైఫై డబ్బా’ యని పిలుచు రౌటరును చేరును. అక్కడినుండి కంప్యూటరు వరకు తీగ లేదు. రేడియో తరంగములే వాహనము. ఈ తరంగములు రెండు విధములు. 2.4 గిగాహెర్ట్జులవి సుమారు పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు కలవి. అవి మందగతివైనను గోడలను కొంత మేలుగా దాటును. 5 గిగాహెర్ట్జులవి సుమారు ఆరు సెంటీమీటర్లవి. అవి వేగము గలవైనను గోడ యడ్డమైనచో త్వరగా సన్నగిల్లును. మన దేశమున 2.4 గిగాహెర్ట్జుల తరంగములను స్వల్పశక్తితో లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో అనుమతి కలిగినది.

తరంగములకు శత్రువులు మూడు: దూరము, ఇనుము, నీరు. బయలులో దూరము రెండింతలైనచో బలము నాలుగవ వంతునకు తగ్గును. ఇనుప రేకు, బీరువా, ఫ్రిజ్జు తరంగములను వెనుకకు కొట్టును. నీరు వానిని త్రాగివేయును. తడిగోడయు, నీళ్ల తొట్టియు, తేమగల ధాన్యపు సంచులును నీటితో సమానమే.

తూము నుండి మడి వరకు

చివరి మడికి నీరు రానపుడు శ్రీరామసాగర్ కాలువ క్రింది రైతు ఏమి చేయును? మడిలో గుంత త్రవ్వడు. తూము తెరచియున్నదా యని మొదట చూచి, కాలువ వెంట నడచి, గండి ఎక్కడ పడినదో కనుగొనును. ఇదే మార్గము. తూమనగా వీధి తీగ, పిల్లకాలువ వైఫై, మడి కంప్యూటరు. ఈ దిగువ అయిదు పరీక్షలను ఈ వరుసలోనే చేయవలెను.

మొదటి పరీక్ష: డబ్బా దీపములు. సంబంధము తెగిన క్షణముననే డబ్బాను చూడుడు. దీపములన్నియు ఆరి మరల వెలుగుచున్నచో అది కరెంటు దోషము: వదులైన ప్లగ్గో, అడాప్టరో, ఎక్స్‌టెన్షన్ బోర్డో కారణము. డబ్బా తిరిగి మేల్కొనుటకు రెండుమూడు నిమిషములు పట్టును. ‘లాస్’ అను దీపము ఎర్రగా మెరయుచున్నచో గాజుపోగు గుండ వెలుతురు వచ్చుట లేదు. అపుడు ఇంటిలో చేయదగినది ఒక్కటే: తీగ తలుపు సందున నలిగినదా, మూలమీద మడతపడినదా, ఎలుక కొరికినదా, కోతులు లాగినవా చూచి, కనెక్షను ఇచ్చినవారికి తెలుపుట. కంప్యూటరును ముట్టవలసిన పనిలేదు.

రెండవ పరీక్ష: ఫోను. దీపములు బాగుగనున్నచో ఫోనులో మొబైల్ డేటాను ఆపి, వైఫైని మాత్రముంచి, డబ్బాకు నాలుగడుగుల దూరమున నిలిచి ఏదైన తెరచి చూడుడు. ఇచ్చట ఫోనునకు కూడ అందనిచో దోషము వీధి తీగలోనో డబ్బాలోనో కలదు. అందినచో తూము మంచిదే, ముందుకు నడువుడు.

మూడవ పరీక్ష: ఫోనును కంప్యూటరు ప్రక్కకు తెండు. ఇచ్చట ఫోనునకు కూడ అందనిచో దోషము దారిలో, అనగా గోడలలోను దూరములోను కలదు. ఫోనునకు చక్కగా అంది, కంప్యూటరునకు మాత్రము అందనిచో దోషము కంప్యూటరులోనే కలదు.

నాలుగవ పరీక్ష: లాన్ తీగ. డబ్బా నుండి కంప్యూటరునకు తీగను తిన్నగా తగిలించి ఒక పూట పని చేయుడు. నిలకడగా నడచినచో వీధి తీగ మంచిది, కంప్యూటరు మంచిది. నడుమనున్న వైఫైయే చెడ్డది. తీగతో కూడ తెగిపోవుచున్నచో వైఫైని నిందించుట మానవలెను.

అయిదవ పరీక్ష: పింగ్. దీనిని బడిపిల్లలు చేయగలరు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి ‘ఐపికాన్ఫిగ్’ అని కొట్టినచో ‘డిఫాల్ట్ గేట్‌వే’ యెదుట డబ్బా యొక్క సంఖ్య కనబడును; అది పలుచోట్ల 192.168.1.1 గా ఉండును. ‘పింగ్’ అను ఆజ్ఞతో ఆ సంఖ్యను పలుకరించినచో డబ్బా ‘ఉన్నాను, ఉన్నాను’ అని బదులిచ్చుచుండును. పిమ్మట అదే విధముగ 8.8.8.8 ను పలుకరింపవలెను. అది ఊరిబయట, లోకములో ఉన్నది. డబ్బాయే బదులీయక తడబడినచో దోషము మీ ఇంటిలోపల కలదు. డబ్బా తడబడక పలుకుచుండగా బయటిది మాత్రము పలుకకున్నచో దోషము ఇంటి వెలుపల కలదు. కనెక్షనువారితో మాటలాడునపుడు ఈ ఒక్క సంగతి చెప్పినచో వాదము సగము తీరును.

మూడిండ్ల ముచ్చట

జగిత్యాల చేరువ నొక గ్రామమున పాత పెంకుటిల్లు కలదు. డబ్బా ముందు వసారాలో, కంప్యూటరు వెనుకగదిలో ఉండెను. నడుమ రెండడుగుల మందము గల మట్టిగోడ. ఆ ఇంటి యజమాని “వడ్లు అమ్ముడువోయిన్నాడే నెట్ మంచిగైతది సారూ, గిదేం మాయనో” యనెను. అందు మాయ లేదు. యాసంగి కోతల వేళ, అకాల వర్షమునకు భయపడి, ఆరీ ఆరని వడ్లను సంచుల కెత్తి మధ్యగదిలో గోడవలె పేర్చుచుండిరి. కొనుగోలు కేంద్రములో వడ్లకు నూటికి 17 వంతుల తేమ వరకే ఒప్పుదురు. ఆ సంచులలో అంతకు మించి యుండెను. మట్టిగోడ దాటి నీరసించిన తరంగములను ఆ సంచులు పూర్తిగా త్రాగివేసెను. సంచులు కేంద్రమునకు పోయిన దినముననే సంబంధము మరల వచ్చుచుండెను. ఇది తెలియక వారు నలుబదివేల రూపాయలతో క్రొత్త కంప్యూటరు కొన నిశ్చయించిరి. అంతకంటె పెద్ద నష్టము, ఆ ఇంటి ఆడపిల్లకు దోస్త్ మొదటి విడత గడువు ఆ కలతలోనే దాటిపోవుట. రెండవ విడతలో ఆమెకు కోరిన కళాశాల దొరకలేదు. డబ్బాను మధ్యగది ద్వారబంధము మీది యెత్తునకు మార్చిన పిమ్మట సంచులున్నను పని జరుగుచున్నది.

రెండవది కోరుట్ల ప్రక్క గ్రామము. యజమాని గల్ఫులో నుండును. ఇల్లాలు మాతో ఇట్లనెను: “శుక్రవారం నాడు ఆయన మాట్లాడేది గంటసేపు సారూ. అండ్ల సగంసేపు ‘వినవడ్తలేదు, వినవడ్తలేదు’ అనుడే అయితుంది.” ఫోనును కంప్యూటరు ప్రక్కనే పెట్టి చూడగా దానికి చక్కగా అందెను. కావున దోషము కంప్యూటరులోనిదే. అందు రెండు కారణములు కనబడినవి. వైఫైని అందుకొను చిన్న యుఎస్‌బి ముక్క కంప్యూటరు పెట్టె వెనుక, ఇనుప రేకునకును గోడకును నడుమ దాగియుండెను. దానిని ఒక మూర పొడవు యుఎస్‌బి తీగతో బల్లమీదికి తెచ్చితిమి. రెండవది, కరెంటు పొదుపునకై కంప్యూటరు ఆ ముక్కను అప్పుడప్పుడు నిద్రపుచ్చుచుండెను. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ క్రింద దాని పేరును తెరచి, పవర్ మేనేజ్‌మెంట్ పుటలో, పొదుపుకై పరికరమును ఆపు అనుమతి వద్దనున్న గుర్తును తీసివేసితిమి. ఖర్చు తీగ వెల మాత్రమే. మరుసటి శుక్రవారము తండ్రి గంటసేపు మాటలాడి, చిన్నవాని లెక్కల నోటుబుక్కును తెరమీదనే చూచెనని తెలిసినది.

మూడవది సిరిసిల్లలో మరమగ్గముల వీధి. ఇండ్లు గోడకు గోడ ఆనుకొనియున్నవి. ఇంటింట వైఫై కలదు. ఇచ్చట ఫోనును, కంప్యూటరును రెండును తెగుచుండెను. ప్రొద్దుగ్రుంకిన పిదప హెచ్చు. దీపములను కనిపెట్టగా కొన్ని సారులు అన్నియు ఆరి వెలిగెను, కొన్ని సారులు వెలుగుచుండగనే సంబంధము తెగెను. అనగా జబ్బులు రెండు. మొదటిదానికి కారణము ఇంటిలోని వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఫ్రిజ్జు మోటారు ఎత్తుకొనునపుడెల్ల డబ్బా ప్లగ్గు తడబడుచుండెను. డబ్బాను గోడ ప్లగ్గునకు మార్చి, చిన్న యూపీఎస్ నొకదానిని చేర్చగా అది నయమయ్యెను. రెండవదానికి కారణము ఇరుగుపొరుగు డబ్బాల గుంపు. 2.4 గిగాహెర్ట్జులలో చానళ్లు పెక్కున్నను, ఒకదానితో నొకటి కలియకుండ వాడదగినవి 1, 6, 11 అను మూడే. అంగడిలో నలుగురు ఒక్కసారిగా వేలము పాడినచో ఎవరి పాటయు వినబడనట్లు, ఒకే చానలులో నలుగురి డబ్బాలు పలికినచో అందరికిని ఆలస్యమే. అందరును సాయంకాలమే వాడుదురు గాన ఆ వేళ బాధ హెచ్చు. చానలును ‘ఆటో’ నుండి తప్పించి, తక్కువ రద్దీ గల 11కు మార్చగా కొంత మేలు కలిగెను. కంప్యూటరునకు తీగ వేసిన పిదపనే పూర్తిగా కుదిరినది.

చికిత్సలు

డబ్బాను ఇంటి నడుమ, మనిషి తల యెత్తున, తెరపిగా నుంచవలెను. గోడగూటిలోను, బీరువా వెనుకను, టీవీ వెనుకను, రేకు కప్పునకు ఆనించియు ఉంచరాదు. మైక్రోవేవ్ పొయ్యి 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతముననే పనిచేయును గనుక దానికి దూరముగ నుండవలెను. డబ్బా చెవులు నిలువుగ నుండుట సాధారణముగ మేలు. దుమ్ము దులిపి, గాలి ఆడునట్లు చూడవలెను.

కంప్యూటరు దూరపు గదిలో నున్నచో 2.4 గిగాహెర్ట్జులకు, 5 గిగాహెర్ట్జులకు వేర్వేరు పేర్లు పెట్టి, కంప్యూటరును మొదటిదానికే కట్టివేయవలెను. లేనిచో అది వేగమున కాశపడి బలహీనమైన దానిని పట్టుకొని వ్రేలాడును.

‘రిపీటరు’ కొనువారు ఒకటి గమనింపవలెను. దానిని సంబంధము అందనిచోట పెట్టినచో ప్రయోజనము సున్న; ఎండిన కాలువలో మోటారు దింపి నీటికై చూచుటవంటిది. దారి నడుమ, సంబంధము ఇంకను బలముగనున్నచోట పెట్టవలెను. అట్లు పెట్టినను సామాన్యమైన రిపీటరు వేగమును సగమునకు తగ్గించును.

అన్నిటికంటె నమ్మకమైన మందు తీగయే. లాన్ తీగ నూరు మీటర్ల వరకు పనిచేయును; మన ఇండ్లలో అంత దూరమెన్నడును రాదు. తిరుగాడు ఫోనునకు వైఫై, కదలని కంప్యూటరునకు తీగ అనునది మా నిశ్చితాభిప్రాయము. అయితే ఇంటి లోపలనే వేయవలెను. పశువుల కొట్టమునకో ప్రక్క యింటికో ఆకాశమున వ్రేలాడదీసినచో పిడుగుల వేళ ప్రమాదము.

ఒక్కొక్క మార్పే చేయుడు

పొలాస పరిశోధనా స్థానమున క్రొత్త వంగడమును పరీక్షించునపుడు, ప్రక్కనే జగిత్యాల సన్నాలు వంటి తెలిసిన వంగడమును అదే నేల, అదే నీరు, అదే ఎరువులతో పెంచి పోల్చిచూతురు. విత్తనమును ఎరువును ఒకేసారి మార్చినచో మేలు దేనివలన కలిగినదో తెలియదు. ఇచ్చటను అంతే. డబ్బాను కదల్చి, చానలు మార్చి, కంప్యూటరు అమరికలు మార్చి, అన్నియు ఒక్కనాడే చేసినచో రోగము కుదిరినను కారణము తెలియదు. మరల వచ్చినపుడు మొదటికే వత్తురు. ఒక నోటుబుక్కులో ఏడు దినములు, తెగిన గంట, దీపముల స్థితి, కరెంటు, వాన, ఆ వేళ ఇంటిలో ఎవరేమి వాడుచుండిరి అను సంగతులు వ్రాయుడు. ఆ పుట చూచినచో దోషము తానే పలుకును.

జాగ్రత్తలు

గాజుపోగు కొనను కన్నులతో ఎన్నడును చూడరాదు. అందలి వెలుతురు కంటికి కనబడకున్నను హాని చేయగలదు. ఉరుములు మొదలైనచో డబ్బాను, కంప్యూటరును ప్లగ్గు నుండి తీయవలెను. వైఫై మాటను ఊరివారికెల్ల చెప్పినచో వారందరి సినిమాలును మీ కాలువలోనే పారును. “మీ నెట్ బాగుచేసెదము, ఈ యాప్ వేసికొని ఓటీపీ చెప్పుడు” అని ఫోను చేయు అపరిచితులను నమ్మరాదు. నమ్మి సొమ్ము పోగొట్టుకొన్నవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము దక్కుట కష్టము.

సంఘము చేయదగినది

ప్రతి ఇంటివారును పరీక్ష కొరకై ఇరువది మీటర్ల తీగ కొనుట దండుగ. ప్రతి సంఘమును అట్టి లాన్ తీగ నొకటి, మంచిదని తెలిసిన అడాప్టరు నొకటి, యుఎస్‌బి వైఫై ముక్క నొకటి కార్యాలయములో నుంచి, పిచికారీ యంత్రమువలె సభ్యులకు ఒక దినము ఎరువిచ్చినచో ఎంతయో మేలు. ఎరువు తెచ్చిన వస్తువుతో జబ్బు తెలిసికొని, అవసరమైనదే కొనవచ్చును. 1970లో వెలసిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము ద్వారా కరెంటునే సహకార పద్ధతిన ఇండ్లకు తెచ్చుకొన్న ప్రాంతము మనది. ఇరువది మీటర్ల తీగను కలిసి వాడుకొనుట మనకు కష్టము గాదు.

దోస్త్ గడువులు, ఈ-కేవైసీ గడువులు, భూభారతి స్లాటులు మన వైఫై కొరకు ఆగవు. కావున సభ్యులు గడువు దినము వరకు వేచియుండక, ఈ వారముననే ఒక పూట తీరికచేసికొని, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అయిదు పరీక్షలను వరుసగా చేసి చూతురుగాక. తూము మూసియుండగా మడిని త్రవ్వుట మానినచో సొమ్మును మిగులును, పిల్లలకు తిట్లును తప్పును.